నోటుమీది సంతకము: శ్రీ చింతామణ్ దేశముఖ్ జీవితము

నెల మొదటి తేదీన జీతమందుకొని ఇల్లు చేరు ఉద్యోగికి, ఆ నోట్లపైనున్న సంతకమెవ్వరిదో చూచు తీరిక సాధారణముగ నుండదు. అతడు నోట్లను లెక్కించుకొనును. గృహిణి యంతకన్న గట్టి లెక్కరి. ఆ నోట్లకు బజారున నెంత బియ్యము, ఎంత కందిపప్పు, ఎంత నూనె వచ్చునో ఆమె లెక్క. ఈ రెండు లెక్కలకు నడుమ నెలనెలకును పెరుగు ఎడమునకే పండితులు ద్రవ్యోల్బణమని పేరు పెట్టిరి. 1943 తరువాత వెలువడిన రిజర్వు బ్యాంకు నోట్లపై మొట్టమొదటిసారిగా ఒక భారతీయుని సంతకము కానవచ్చెను. అది శ్రీ చింతామణ్ ద్వారకానాథ్ దేశముఖ్ గారిది. తమ పేరు నోటుపై నిలిచిన దినములలోనే ఆ నోటు విలువ కరగిపోవుట వారు కన్నులార చూడవలసి వచ్చెను. పిమ్మటి జీవితమున వారు తలకెత్తుకొన్న గొప్ప కార్యములు పెక్కింటికి ఆ చూపే మూలమని చెప్పిన తప్పు కాదు.

దేశముఖ్ గారు 1896వ సంవత్సరము జనవరి 14వ తేదీన, మహారాష్ట్రమున కొలాబా జిల్లాలో రాయగఢ్ దుర్గమునకు చేరువనున్న నాటె గ్రామమున జన్మించిరి. తండ్రి ద్వారకానాథ్ గణేశ్ దేశముఖ్ న్యాయవాది. తల్లి భాగీరథీబాయి. 1912లో బొంబాయి విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షలో ప్రథములుగ నుత్తీర్ణులై, సంస్కృతమునందు జగన్నాథ శంకరశేట్ విద్యార్థి వేతనమును గడించిరి. పిదప కేంబ్రిడ్జిలోని జీససు కళాశాలలో ప్రకృతి శాస్త్రములు చదివి, 1917లో వృక్షశాస్త్రమున బహుమతి నందిరి. 1918లో లండనులో జరిగిన ఐ. సి. యస్. పరీక్షలో వారిదే ప్రథమ స్థానము. సంస్కృతము, వృక్షశాస్త్రము చదివిన విద్యార్థి యొకడు ముందొకనాడు దేశపు నాణెముల పెట్టెకు తాళపుచెవి పట్టుకొనునని యెవ్వరూహింపగలరు? మధ్యపరగణాలు, బేరారు రాష్ట్రమున జిల్లా పరిపాలన చేసి, అచటి ప్రభుత్వమునకు ఆర్థిక కార్యదర్శియై, 1931లో రెండవ రౌండుటేబిలు సమావేశపు కార్యదర్శులలో నొకరుగ లండను వెళ్లి వచ్చిరి. ఇరువది యేండ్లు ఇట్లు గడచెను.

1939 జూలైలో వారు రిజర్వు బ్యాంకునకు వచ్చిరి. రెండు నెలలు తిరుగకమునుపే ఐరోపాలో యుద్ధము మొదలయ్యెను. ఆ యుద్ధము భారతదేశపు వంటయిండ్లలోనికి నోట్ల రూపమున ప్రవేశించిన విధము కొంచెము వివరింపదగినది. బ్రిటిషు ప్రభుత్వము తన సేనలకొఱకు ఈ దేశమున గోధుమలు, బట్టలు, తోలు, కలప, ఇనుము విరివిగ కొనెను. కాని వాని వెలను ఇచట రూపాయలలో చెల్లింపలేదు. లండనులో రిజర్వు బ్యాంకు పేర పౌన్లు జమకట్టి ఊరకుండెను. రైతునకును, వర్తకునకును, కూలివానికిని చేతికి రూపాయలే యీయవలెను గదా! ఆ జమపద్దును హామీగ నుంచుకొని రిజర్వు బ్యాంకు ఇచట నోట్లు ముద్రించి యిచ్చెను. పౌను తెచ్చినవానికి రూపాయి 18 పెన్నీల చొప్పున, అనగా పౌనునకు సుమారు 13 రూపాయల 5 అణాల 4 పైల వంతున నీయవలెనని చట్టమే శాసించినది. బ్యాంకునకు కాదనుటకు హక్కు లేకుండెను. వస్తువులు ఓడలెక్కి పోయినవి, నోట్లు ఇచటనే నిలిచినవి.

యుద్ధారంభమున 180 కోట్ల రూపాయల ప్రాంతముననున్న నోట్ల చెలామణి, 1945 చివరకు 1,200 కోట్ల ప్రాంతమునకు పెరిగెను. 1939 ఆగస్టున 100గా లెక్కించిన టోకు ధరల సూచిక, 1944-45 నాటికి 244కు చేరెను. ఇది సర్కారు వారి లెక్క. కంట్రోలు ధరలను చేర్చుకొని కట్టిన లెక్క. నల్లబజారున చక్కెరకొఱకు, కిరసనాయిలుకొఱకు తిరిగిన ఇల్లాలి లెక్క వేరుగ నుండెను.

ఈ భారము అందరిపైనను సమముగ పడలేదు. యుద్ధపు కంట్రాక్టులు పట్టినవాడు మేడ కట్టెను. ధాన్యము నిలువచేసిన వాడు నగలు చేయించెను. నెలజీతముపై బ్రతుకు గుమాస్తా, బడిపంతులు, పింఛనుదారు, సర్కారు కాగితములపై వడ్డీతో కాలము గడపు వితంతువు, వీరే చితికిపోయినవారు. 1939లో ఒక వితంతువు భర్త విడిచిపోయిన వేయి రూపాయలను నూటికి మూడు రూపాయల వడ్డీపై సర్కారు ఋణపత్రములలో నుంచినదనుకొందము. ఆరేండ్లకు వడ్డీతో 1,180 రూపాయలగును. సూచిక 244 ఉన్నప్పుడు ఆ మొత్తమునకు 1939 నాటి ధరలలో సుమారు 484 రూపాయల సరకు మాత్రమే వచ్చును. ఆమె యింట దొంగలు పడలేదు, ఆమె సొమ్ము నెవ్వరును తాకలేదు. ఐనను సగముకంటె నెక్కువ మాయమయ్యెను. యుద్ధమునకై సర్కారు చౌకవడ్డీకి అప్పు తీయవలెనను నాటి విధానము సర్కారునకు లాభించిన మాట నిజమే. ఆ లాభము ఎవరి పెట్టెలోనుండి వచ్చినదో ఈ లెక్కయే చెప్పుచున్నది.

1941 చివర డిప్యూటీ గవర్నరైన దేశముఖ్ గారు, 1943 ఫిబ్రవరిలో గవర్నరు సర్ జేమ్సు టెయిలరు మరణించిన పిదప, ఆగస్టు 11వ తేదీన గవర్నరు పదవి స్వీకరించిరి. వంగదేశపు కరువు తీవ్రమైనది ఆ నెలలోనే. 1942 డిసెంబరున కలకత్తాలో మణుగు ఇంచుమించు 13, 14 రూపాయలున్న బియ్యము, 1943 ఆగస్టునాటికి 37 రూపాయల ప్రాంతమునకు ఎగబ్రాకెను. బర్మా బియ్యము రాకపోవుట, తుపాను, పడవల స్వాధీనము, దాచివేత, పాలకుల నిర్లక్ష్యము అన్నియు ఆ కరువునకు కారణములే. కాని చేతులు మారుచున్న నోట్ల వెల్లువ లేకున్నచో ధర అంత వేగముగ ఎగయకపోయెడిదని పలువురు తరువాత తేల్చిరి. విచారణ సంఘము మృతుల సంఖ్యను 15 లక్షలుగ నంచనా వేసెను. తరువాతి పరిశోధకులు 30 లక్షలవరకు చెప్పుదురు. చనిపోయినవారిలో భూమిలేని కూలీలు, జాలరులు, చేతిపనులవారు మెండు. వారి కూలి పెరుగకమునుపే బియ్యము వారి చేయి దాటిపోయెను.

గవర్నరు ఈ వెల్లువ నాపగలిగెనా? లేదనియే చెప్పవలెను. చట్టము ఆయన చేతులను కట్టివేసినది, సర్కారు పరాయిది. చేయగలిగిన చిన్న పనులు కొన్ని జరిగినవి. బ్రిటిషు, అమెరికా ప్రభుత్వముల పక్షమున రిజర్వు బ్యాంకు 1943 ఆగస్టు మొదలు బంగారమమ్మి జనముచేతిలోని నోట్లను వెనుకకు తీసికొనెను. జాతీయ పొదుపు సర్టిఫికెట్లు ప్రచారములోనికి వచ్చెను. 1946 జనవరిలో 500, 1,000, 10,000 రూపాయల నోట్లను చెల్లనివిగ ప్రకటించిరి. సుమారు 144 కోట్ల రూపాయల నోట్లలో దాదాపు 135 కోట్లవి మార్పిడికి తిరిగివచ్చినవి. నల్లధనము నశించినదని చెప్పుటకు వీలులేని ఫలితమది. వేయిరూపాయల నోటును కంటితో చూడని గుమాస్తా కుటుంబమునకు దానివలన నష్టమును లేదు, ఆ నెల పప్పు ధర తగ్గినదియు లేదు.

దేశముఖ్ గారికి సాధ్యమైన పని మఱియొకటి యుండెను. ఆ ఋణము ఋణమేయని నిలబెట్టుట. లండనులో పేరుకొన్న స్టెర్లింగు నిల్వలు, భారతదేశము బ్రిటనునకు బాకీపడిన పాత అప్పు దాదాపుగ తీరిపోయిన తరువాత గూడ, 1946 నాటికి 1,700 కోట్ల రూపాయలకు మించెను. ఇది యెవరి సొమ్ము? ఒకపూట తినియు, చినుగుల బట్ట కట్టియు కోట్ల కుటుంబములు తమకు తెలియకయే చేసిన నిర్బంధపు పొదుపది. బ్రిటనులో కొందఱు, యుద్ధము ఉమ్మడిది గాన ఆ బాకీని తగ్గింపవలెనని వాదింపజొచ్చిరి. 1944 జూలైలో అమెరికాలోని బ్రెటన్‌వుడ్సున జరిగిన ద్రవ్య సమావేశమునకు సర్ జెరిమీ రెయిస్మను నాయకత్వమున వెళ్లిన భారత ప్రతినిధులలో దేశముఖ్ గారు, షణ్ముఖం చెట్టి గారు, ఏ. డి. ష్రాఫ్ గారు నుండిరి. ఈ నిల్వలలో కొంతభాగమునైనను అంతర్జాతీయ ద్రవ్యనిధి ద్వారా డాలర్లుగ మార్చుకొను మార్గము కావలెనని వారు కోరిరి. బ్రిటను, అమెరికాలు రెండును అంగీకరింపలేదు. ఆ కోరిక నెరవేరకున్నను, ద్రవ్యనిధిలో భారతదేశమునకు 40 కోట్ల డాలర్ల వాటా లభించెను. రష్యా చేరకపోవుటచే మొదటి అయిదు పెద్ద వాటాలలో నొకటిగ నిలిచి, కార్యనిర్వాహక సంఘమున స్థానమబ్బెను.

యుద్ధానంతరము సాగిన సంప్రదింపులలో దేశముఖ్ గారు పాల్గొనిరి. తుదకు బాకీ రద్దుకాలేదు. 1948 ఒడంబడికలో ఇచట మిగిలిపోయిన యుద్ధసామగ్రి వెలగా 10 కోట్ల పౌన్లును, ఆంగ్లోద్యోగుల పింఛనులకై మఱికొంత పెద్ద మొత్తమును తగ్గించుకొనిరి. పాకిస్తాను వాటా పోయెను. మిగిలినది విదేశములనుండి వచ్చిన ధాన్యపుటోడలకును, ప్రణాళికల తొలినాళ్ల యంత్రములకును పనికివచ్చెను. 1943లో పస్తుండినవారిలో ఎందఱు ఆ ధాన్యమును తినుటకు బ్రతికియుండిరి?

ఇంతలో దేశమునకు స్వాతంత్ర్యము వచ్చెను. 1947 డిసెంబరులో ఆహారవస్తువులపై కంట్రోలు సడలించిరి. ఆ నవంబరున 302 ఉన్న సూచిక 1948 జూలైకి 390కి చేరెను. మరల కంట్రోళ్లు తేక తప్పలేదు. ఈ నడుమనే, 1947 మే నెలలో, వరదాచారి గారి అధ్యక్షతను మొదటి వేతన సంఘము తన నివేదిక నిచ్చెను. కేంద్రోద్యోగి కనీస వేతనము 30 రూపాయలు, కరువు భత్యము 25 రూపాయలు, వెరసి 55 రూపాయలని నిర్ణయము. జీతములో దాదాపు సగము కరువు పేరనే ఉన్నదన్నమాట! ధరలతోబాటు భత్యము నడువవలెనని సంఘము సూచించినను, ధర ముందు పరుగెత్తుటయు భత్యము వెనుక కుంటుచు పోవుటయు నాటినుండి ఉద్యోగుల ఇండ్ల కెఱుకయే. 1949 జనవరి 1వ తేదీన రిజర్వు బ్యాంకు జాతీయమయ్యెను. ఆ జూన్ చివర దేశముఖ్ గారు గవర్నరు పదవినుండి విరమించి, అమెరికా, ఐరోపాలలో భారత ప్రభుత్వపు ఆర్థిక ప్రతినిధిగ కొంతకాలము పనిచేసిరి. 1920లో వివాహమాడిన ఆంగ్లవనిత రోసినా గారు మరణించినది ఆ 1949లోనే.

1950లో ప్రణాళికా సంఘ సభ్యులై, ఆ జూన్ మొదట జాన్ మథాయి గారి స్థానమున ఆర్థికమంత్రులైరి. ఆ నెలలోనే కొరియా యుద్ధము మొదలయ్యెను. లోకమంతటను సరకుల ధరలు మండిపోయెను. 1951 ఏప్రిలునాటికి సూచిక 460 ప్రాంతమునకు వచ్చెను. అనగా 1939లో రూపాయికి వచ్చిన సరకునకు నాలుగున్నర రూపాయలకు పైగా పోయవలెను. యుద్ధకాలమున నోట్ల యంత్రమును ఆపలేని స్థితిలో నుండిన మనుష్యునకు ఇప్పుడు పన్నులు, వ్యయము, వడ్డీ చేతికి వచ్చినవి. 1951-52 బడ్జెటులో క్రొత్త పన్నులు విధించి ఆదాయము వ్యయమునకు మించునట్లు చూచిరి. పన్నులు వేసిన మంత్రిని మెచ్చుకొన్న దేశమింకను పుట్టలేదు గాన, విమర్శ రాకపోలేదు. ఆ నవంబరున బెనెగల్ రామారావు గారు గవర్నరుగనున్న రిజర్వు బ్యాంకు, 1935 నుండి 3 శాతముననే నిలిచిన బ్యాంకు రేటును మూడున్నరకు పెంచెను. సర్కారు పత్రములను అడిగినంతనే కొని వాణిజ్య బ్యాంకులకు రొక్కమిచ్చు వాడుకకు గూడ కళ్లెము వేసెను. అర శాతము చూచుటకు స్వల్పము. కాని అప్పు తెచ్చి సరకు దాచిన వర్తకునకు, ఇక ముందు అప్పు సులభముగ దొరకదను సంగతి తెలిసిపోయెను. కొరియా వేడి చల్లారుటయు దీనికి తోడై, 1952 మార్చికి సూచిక 365 ప్రాంతమునకు దిగెను.

ధర దిగినప్పుడు అందఱును నవ్వరు. నూనెగింజలు, ప్రత్తి, జనుము పండించినవారికి అది దెబ్బ. అప్పుతో సరకు కొన్న చిన్న వర్తకులు కొందఱు మునిగిరి. 1954-55లో ధాన్యపు ధరలు మఱీ పడిపోగా, ప్రభుత్వమే కొనుటకు పూనుకొనవలసి వచ్చెను. ఐనను జీతగాండ్ర యిండ్లలో ఆ నాలుగేండ్లు ఊపిరి పీల్చుకొన్న కాలమనుటలో సందేహము లేదు. మొదటి ప్రణాళిక ముగిసిన 1956 నాటికి ధరలు, అది ఆరంభమైననాటికంటె 13 శాతము తక్కువగ నుండెను. స్వతంత్ర భారతమున మఱి యే ప్రణాళికకును ఈ ఖ్యాతి దక్కలేదు. ఇదంతయు ఆర్థికమంత్రి ఘనతయే యనుట న్యాయము కాదు. మంచి వర్షములు కురిసెను. ఆహారమంత్రి రఫీ అహమ్మద్ కిద్వాయి గారు ధైర్యముతో కంట్రోళ్లెత్తివేసిరి. కాని వానలు కురిసిన సంవత్సరమున గూడ ఖజానా తలుపులు బార్లా తెరచి ధరలు పెంచిన ప్రభుత్వములు లోకమున లేకపోలేదు.

కుటుంబము ఎట్లు బ్రతుకుచున్నదో తెలియక ధరలను గూర్చి విధానములు చేయుట చీకటిలో సూదికి దారమెక్కించుటవంటిది. దేశముఖ్ గారు గవర్నరుగ నున్నప్పుడు, 1945లో, రిజర్వు బ్యాంకున పరిశోధన, గణాంక శాఖ ఏర్పడెను. పలు సంవత్సరములు భారత గణాంక సంస్థకు అధ్యక్షులై, మహలనబీసు గారితో కలిసి పనిచేసిరి. 1950లో ఆరంభమైన జాతీయ నమూనా సర్వే, పల్లెలలోను పట్టణములలోను ఇంటింటికి పోయి తిండికెంత, బట్టకెంత, దీపమునకెంత యని వ్రాసికొనెను. వంటయింటి పద్దు దేశపు పద్దులోనికి ఎక్కినది అప్పుడే. 1952లో గాడ్గిల్ గారి సంఘపు సిఫారసుపై, కేంద్రోద్యోగుల కరువు భత్యములో సగమును జీతముగనే పరిగణింపసాగిరి. కరువు వచ్చి పోవునది కాదు, ధరలు 1939 స్థాయికి తిరిగిపోవు అని ప్రభుత్వము మొదటిసారి ఒప్పుకొనుటగ దీనిని గ్రహింపవచ్చును.

1956 జనవరి 19వ తేదీన జీవిత బీమా వ్యాపారమును స్వాధీనము చేసికొను ఆర్డినెన్సు వెలువడెను. ఆ సంగతిని దేశముఖ్ గారు రేడియోలో ప్రకటించువరకు బయటికి పొక్కలేదు. అంతకు ముందటి పదేండ్లలో 25 బీమా కంపెనీలు దివాలా తీసెను. మఱి 25 కంపెనీలు పాలసీదారులకు నష్టము కలుగునట్లు ఇతరులలో కలిసిపోయెను. ధరల పోటుకు సగము విలువ కోల్పోయిన పాలసీ, ఆ మిగిలిన సగమును కంపెనీవారి చేతిలో కోల్పోయినచో ఇంటి యజమాని చనిపోయిన కుటుంబమునకు దిక్కేమి? 245 సంస్థల వ్యాపారము ఒక్కచోట చేరి, ఆ సెప్టెంబరు 1వ తేదీన జీవిత బీమా కార్పొరేషను ఏర్పడెను.

తెలుగువారికి దేశముఖ్ గారు బంధువులైనది 1953 జనవరి 22వ తేదీన. ఆనాడు వారు రాజమహేంద్రవరపు ఆడపడుచు దుర్గాబాయి గారిని వివాహమాడిరి. సాక్షులలో నొకరు నెహ్రూ గారు. 1923 కాకినాడ కాంగ్రెసునాడు టిక్కెట్టు లేదని ఆ నెహ్రూ గారినే ద్వారముకడ నిలిపివేసిన బాలిక ఆమెయేయని తెలుగువారెల్లరు నెఱుగుదురు. 1937లో మదరాసున ఆంధ్ర మహిళా సభను, 1948లో ఢిల్లీలో ఉద్యోగుల బిడ్డలు తెలుగు మరచిపోకుండుటకై ఆంధ్ర విద్యా సంఘమును నెలకొల్పిన ఆమెకు, ధరలు పెరిగిన యింట మొదట చదువు మానునది ఆడపిల్లయేయని ఒకరు చెప్పనక్కఱలేదు. 1953 ఆగస్టున కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడగా ఆమె మొదటి అధ్యక్షురాలైరి. స్వచ్ఛంద సంస్థలకు సాయముగ మొదటి ప్రణాళికలో 4 కోట్ల రూపాయలు కేటాయించిరి. చేయి బిగించు మంత్రియు, చేయి చాచు సంఘసేవకురాలును ఒక్క యింటివారగుట విశేషమే.

1956 జూలైలో, బొంబాయి నగరమును మహారాష్ట్రమునుండి వేరుచేయు నిర్ణయముతో ఏకీభవింపక, దేశముఖ్ గారు మంత్రిపదవికి రాజీనామా యిచ్చిరి. పోవుటకు ముందు వారు పాలుపంచుకొని సిద్ధముచేసిన రెండవ ప్రణాళికలో 1,200 కోట్ల రూపాయల లోటును నోట్ల ముద్రణవంటి మార్గములచే పూడ్చుకొనుటకు ఏర్పాటుండెను. యుద్ధపు నోట్ల ఫలితము నంత దగ్గరగ చూచినవారు దీనికి సమ్మతించుట కొంత వింతగ తోచును. పరిశ్రమలు త్వరగ రావలెనను ఆశ నాడు అందఱిని లాగినది. తరువాతి యేండ్లలో ధరలు మరల పైకి లేచెను, స్టెర్లింగు నిల్వలు వేగముగ తరిగిపోయెను.

పిదప వారు 1961 వరకు విశ్వవిద్యాలయ ధనసహాయ సంఘాధ్యక్షులుగను, 1962 నుండి 1967 వరకు ఢిల్లీ విశ్వవిద్యాలయోపాధ్యక్షులుగను ఉండిరి. 1959లో మెగసెసే బహుమాన మందిరి. 1969లో రాష్ట్రపతి పదవికి పోటీచేసి ఓడిపోయిరి. చిన్ననాటి సంస్కృతము వారిని విడువలేదు. మేఘదూతమును మరాఠీ పద్యములుగ అనువదించిరి, గాంధీజీ సూక్తులను సంస్కృత శ్లోకములుగ కూర్చిరి.

వారి ఆత్మకథ ఆంగ్లమున 1974లో వెలువడెను. ఆ సంవత్సరము దేశమున ధరలు నూటికి ఇరువదికి మించి పెరుగుచుండెను. ఉద్యోగులకు క్రొత్తగ పెరిగిన కరువు భత్యములో సగమును నిర్బంధ డిపాజిటుగ పట్టివేయుచు పార్లమెంటు చట్టము చేసినది ఆ యేడే. మఱుసటి సంవత్సరము, 1975లో, భార్యాభర్తలిరువురికిని పద్మవిభూషణ బిరుదము లభించెను. చివరి సంవత్సరములను వారు హైదరాబాదులో గడపిరి. 1981 మే 9వ తేదీన దుర్గాబాయి గారు కన్నుమూసిరి. 1982 అక్టోబరు 2వ తేదీన, తమ యెనుబదియేడవ యేట, దేశముఖ్ గారు హైదరాబాదుననే పరమపదించిరి.